దిద్దే గొంతు

వీధి చివరి స్తంభం మీది లౌడ్‌స్పీకర్‌లో టైలరమ్మ మొగుడు తప్పు చదివాడు. ఆమె అప్పుడు స్కూలు యూనిఫారం చొక్కాకి కాలరు బిగిస్తోంది. మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నది దాటినవారు వెనక్కి చూడలేదు" అని ఉంటుంది అక్కడ. ఆయన "నది దాటినవారు వెనక్కి రాలేదు" అన్నాడు. బజారుకు పంపితే ఉప్పు బదులు పంచదార తెచ్చే మనిషే, చుట్టాల పేర్లు తారుమారు చేసే మనిషే, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకునే మనిషే. కానీ పీఠం ఎక్కి గ్రంథం ముందు కూర్చున్నాక ఒక్క అక్షరం పొల్లు పోవడం ఆమె తన కాపురంలో వినలేదు. పాపం, గొంతు అలిసిపోయిందేమో అనుకుంది. అంతలో ఆయన చిన్నగా గొంతు సవరించుకుని, అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆ సవరించుకోవడం విన్నాక ఆమెకు విషయం బోధపడింది. ఆయన కావాలనే తప్పు చదివాడు.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ ఊరి పెద్ద మందిరంలో ఒక గ్రంథం ఉంది. దాన్ని చదవడం ఎన్నడూ ఆగదు. ఒక చదువరి అలిసే వేళకి ఇంకొకడు వచ్చి పక్కన కూర్చుంటాడు. ఒక వాక్యం దగ్గర గొంతు కలుపుతాడు. ఆ ఒక్క వాక్యం ఇద్దరూ కలిసి చదివాక మొదటివాడు నోరు మూసుకుని లేచిపోతాడు. తాతముత్తాతల నాటి నుంచి ఇదే వరస. ఊరంతా స్తంభాలకి స్పీకర్లు కట్టి ఉండటంతో ఆ చదువు ఫ్యాను చప్పుడులా అలవాటైపోయి, పనిలో ఉన్నవాళ్ళకి వినపడటమే మానేసింది.

గ్రంథం కొసన ఒక మాట ఉంది. గొంతు మారకుండా ఒక్కడే మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివిన నాడు, మందిరం లోపలి గదిలోని రాతి తలుపు తెరుచుకుంటుందట. ముందు వెళ్ళిపోయినవాళ్ళందరూ అందులోంచి తిరిగి వస్తారట. పెద్దలు దాన్ని ఉపమానం అని సరిపెట్టారు. టైలరమ్మ మొగుడైతే, "ఒక్కడే చదివితే వాడి గొంతు పోతుందిగా, ఎవడూ ఆ పని చెయ్యకుండా పెట్టిన మాట అది" అని నవ్వేసేవాడు. నవ్వడం చేతకాని వాళ్ళు కొందరు బయలుదేరారు. ఏకకంఠులమని పేరు పెట్టుకున్నారు. చదువరులు టీ నీళ్ళ కోసం గొంతులు మార్చుకుంటూ తలుపును మూసి ఉంచుతున్నారని, చచ్చినవాళ్ళకి ద్రోహం చేస్తున్నారని సందుల్లో చెప్పుకుంటూ తిరిగారు. అందులో చేరినవాడికి ఇక తల్లీ తండ్రీ ఉండరు. ఎవరి కొడుకువని ఒకరినొకరు అడగకూడదు, చెప్పకూడదు.

ఒక ఉదయం, ఉతకడానికి వెళ్ళిన తివాచీలు చుట్టలుగా మందిరానికి తిరిగొచ్చాయి. చుట్టల్లో తుపాకులు ఉన్నాయి. కాపలావాళ్ళని గేటు దగ్గరే కాల్చేశారు. ముసలివాళ్ళనీ పిల్లల్నీ బయటికి తోసి, మిగతా యాత్రికుల్ని లోపలే పెట్టుకుని తలుపులు మూశారు. ఆ వేళ పీఠం మీద ఉన్నది టైలరమ్మ మొగుడు. నిజానికి ఆయన అప్పటికే దిగిపోవాల్సింది. తర్వాతి చదువరి బయట టీకొట్టు దగ్గర కబుర్లలో పడి, అలవాటు ప్రకారం ఆలస్యం చేశాడు. ఆ టీ ఆ మనిషిని బతికించింది. అతని మీద టైలరమ్మకున్న మంట ఇంతా అంతా కాదు.

అదే రోజు స్పీకర్లలో ఒక ప్రకటన వచ్చింది. చదువు మొదటి పేజీ నుంచి మొదలవుతుంది, ఇక గొంతు మారదు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య చదువరి తినవచ్చు, పడుకోవచ్చు. చివరి మాట పలికాక మాత్రం ఆ గొంతు మళ్ళీ మామూలు మాట పలకదు. దాన్ని తలుపు అవతలివాళ్ళకి అప్పగిస్తారు. అప్పగించడమంటే ఏమిటని ఊళ్ళో ఎవరూ పైకి అడగలేదు. టైలరమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పుస్తకం అయిపోయిన పూటే తన మొగుణ్ణి చంపుతారు.

అప్పటి నుంచి ఊరు మారిపోయింది. సైన్యం మందిరం చుట్టూ వీధులు మూసేసింది. కొట్లు సగం షట్టర్లు దించుకున్నాయి. ఇంతకాలం ఎవరి చెవికీ ఎక్కని ఆ చదువు ఇప్పుడు ప్రతి గదిలో మనిషిలా వచ్చి కూర్చుంది. మొగుడూ పెళ్ళాలు గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందె నిండుతున్నంతసేపూ కిమ్మనడం లేదు. ఆయన అధ్యాయం ముగించి పడుకున్నప్పుడు స్పీకర్లలో ఒట్టి హోరు మిగిలేది. ఆ హోరులో ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది. అది ఆయన నిద్రలో తీసే ఊపిరే అని టైలరమ్మకు తెలుసు. పక్కన పడుకుని ఏళ్ళ తరబడి విన్న ఊపిరి, ఇప్పుడు ఊరంతా వింటోంది. ఆమెకు సిగ్గూ వేసింది, ఏడుపూ వచ్చింది.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, జనం ఎదురుచూడటం మొదలుపెట్టారు. పైకి అందరూ ఏకకంఠుల్ని తిట్టేవాళ్ళే. లోపల మాత్రం ప్రతివాడికీ ఒక చచ్చిపోయినవాడు ఉన్నాడు కదా!

ముందు పక్కింటి బేకరీ ఆవిడ వచ్చింది. చంకలో ఒక మగాడి చొక్కా ఉంది.

"వదినా, ఇది కాస్త వదులు చేసిపెడతావా?"

"ఎవరిది?"

"మా ఆయనది."

టైలరమ్మ తలెత్తి చూసింది. ఆయన పోయి చాలాకాలమైంది. పాడె మోసినవాళ్ళలో టైలరమ్మ మొగుడూ ఉన్నాడు.

"పోయే ముందు బక్కచిక్కి పుల్లలా అయిపోయాడు కదా" అంది బేకరీ ఆవిడ, చొక్కా కుట్లు వేలితో రాస్తూ. "అప్పుడు నువ్వే బిగించి ఇచ్చావు. ఇప్పుడు ఎలా ఉంటాడో ఏమో. వదులుంటే నయం."

"నీకేమైనా మతి పోయిందా వదినా? మా ఆయన అక్కడ గొంతు చించుకుంటూ చావుకి దగ్గరవుతుంటే, నువ్వు పోయినవాడికి చొక్కాలు సరిచేయిస్తున్నావా?"

బేకరీ ఆవిడ మొహం కందిపోయింది. అయినా చొక్కా వెనక్కి తీసుకోలేదు. బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

తర్వాత ఇంకెవరో కోటు తెచ్చారు, ఇంకెవరో లంగా తెచ్చారు. ఒక తల్లి చిన్నపిల్ల ఫ్రాకు తెచ్చి, "అంచు విప్పి పొడుగు చెయ్యమ్మా, ఈపాటికి ఎదిగి ఉంటుంది" అంది. ఆమెని మాత్రం టైలరమ్మ ఏమీ అనలేకపోయింది. ఫ్రాకు తీసుకుని అంచు విప్పింది. పగలు పట్టపగలే, ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతుండగా, చనిపోయినవాళ్ళ బట్టలు ఆమె చుట్టూ దొంతరలుగా పెరిగాయి. వాటి మధ్య కూర్చుని మొగుడి గొంతు వింటుంటే తాను ఏ ఒడ్డున ఉందో ఆమెకే అంతుపట్టలేదు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ మొదటి తప్పు.

చదువరి తప్పు చదివితే దిద్దడానికి ఒక పద్ధతి ఉంది. హాల్లో వింటున్నవాళ్ళలో గ్రంథం కంఠతా వచ్చినవాడెవడైనా సరైన మాట పైకి అనాలి. అంటే చదువరి అక్కడి నుంచే ముందుకు సాగవచ్చు. ఎవరూ అనకపోతే అధ్యాయం మొదటికి వెళ్ళాలి. పుస్తకం చూసి దిద్దడం చెల్లదు. ఏకకంఠులకి ఆవేశం ఉంది, తుపాకులు ఉన్నాయి, కొసన ఉన్న ఆ ఒక్క పేజీ నోటికి వచ్చు. మిగతా గ్రంథం రాదు. చదువరి కావాలని తప్పు చదువుతాడన్న అనుమానం వాళ్ళకి కలలో కూడా రాదు, ఎందుకంటే చదువరికి అంతకు మించిన పాపం లేదు. టైలరమ్మ మొగుడు ఆ పాపం నెత్తిన వేసుకుని, ఒక్కో అధ్యాయం రెండేసి మూడేసి సార్లు చదువుతూ తన ప్రాణం చివరి పేజీని వెనక్కి నెట్టుకుంటున్నాడు.

ఆమెకు అంత త్వరగా ఎలా తెలిసిందంటే, ఇంట్లో ఆయన కావాలని తప్పు చదివే ఆట ఒకటుండేది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుక్కి చంటి అని పిలుపు. వాడికి గ్రంథం నేర్పేటప్పుడు ఆయన ఒక మాట మార్చి, చిన్నగా గొంతు సవరించుకుని, ఓరకంట చూసేవాడు. చంటి స్నానాల గదిలో ఉన్నా, అన్నం ముద్ద నోట్లో ఉన్నా, సరైన మాట అరిచేవాడు. ఆయన పొంగిపోయేవాడు. ఆ పొంగే కొంప ముంచింది. పెద్దయ్యాక చంటికి తండ్రి నవ్వులాటా నచ్చలేదు, టీ కోసం గొంతులు మార్చుకోవడమూ నచ్చలేదు. "మీరు చదవడం లేదు నాన్నా, డ్యూటీ చేస్తున్నారు" అని మొహం మీదే అని ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఉత్తరం ముక్క లేదు, ఫోను లేదు. ఎక్కడికి వెళ్ళాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఊహించుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

సైన్యం ఆఫీసరు ఆమెను వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డ మనిషి. బట్టల దొంతరలు పక్కకి జరిపి స్టూలు మీద కూర్చున్నాడు.

"పుస్తకం ఇంకెంత ఉందమ్మా?"

"బాబూ, ఇవాళ చదివినదే నిన్నా చదివారు. వినలేదా?"

"విన్నాను. అలిసిపోయి తడబడుతున్నారనుకున్నాం."

"తడబడే మనిషి కాదు. మీకోసం చేస్తున్నాడు. మీరు త్వరగా ఏదో ఒకటి చెయ్యాలని."

ఆఫీసరు స్పీకరు వైపు చూశాడు. మందిరం కిందికి సొరంగంలోంచి మనుషుల్ని పంపే ఏర్పాటు జరుగుతోందనీ, మట్టి తవ్వడానికి సమయం పడుతుందనీ గొంతు తగ్గించి చెప్పాడు. "మీ ఆయన ఇంకాస్త తప్పులు చదివితే మాకు మేలు చేసినవాళ్ళవుతారు" అన్నాడు. అని, లేవబోతూ బల్ల మీది ఫ్రాకు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టాడు.

"అమ్మా... ఆ తలుపు వెనక ఏమీ లేదు కదా?"

తుపాకులవాళ్ళని పట్టుకోవాల్సినవాడు కూడా ఇదే అడుగుతున్నాడు.

సమాధానం చెప్పేలోపు స్పీకర్‌లో ఆమె మొగుడు మళ్ళీ మాట మార్చాడు. "దీపం ఆరిన ఇంట" అనాల్సిన చోట "దీపం ఉన్న ఇంట" అన్నాడు. చిన్నగా గొంతు సవరించుకున్నాడు. ఆ సందులో ఇంకో గొంతు వినపడింది.

"ఆరిన."

అంతే, ఒక్క మాట. లేత గొంతేమీ కాదు, మగవాడి గొంతు, నింపాదిగా ఉంది. హోరు ఒక్కటే వినపడింది. తర్వాత టైలరమ్మ మొగుడు, "దీపం ఆరిన ఇంట" అని అక్కడి నుంచే ముందుకు సాగాడు. గొంతులో జీవం లేదు.

"ఎవరమ్మా అది?" ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "వాళ్ళలో పుస్తకం వచ్చినవాడు ఉన్నాడా?"

టైలరమ్మ వంగి దారం కొరికింది. కొరకాల్సిన దారమేమీ కాదది.

"నాకేం తెలుసు బాబూ? ఎవడో."

ఇన్నాళ్ళూ హాలుకి దూరంగా ఏ కాపలాలో ఉన్నాడో ఏమో, ఆ తర్వాత ప్రతి తప్పుకీ ఆ గొంతు సిద్ధంగా ఉంది. ఆయన తప్పు ఎంత సన్నగా దాచినా అది పట్టేసేది. తండ్రి ఎందుకు తప్పు చదువుతున్నాడో ఆ గొంతుకి తెలియక కాదు. ఆ ఆట ఎరిగినవాళ్ళు ఈ లోకంలో ముగ్గురే. తెలిసే దిద్దుతున్నాడు. దిద్దిన ప్రతి మాటా తండ్రిని ఒక మెట్టు చావు వైపు దించుతోందనీ తెలుసు. టైలరమ్మ పళ్ళెం ముందు కూర్చుని ముద్ద ఎత్తేది, ఆ గొంతు వినపడేది, ముద్ద దించేసేది. ఒకసారి ఉండబట్టలేక, "నీ నోరు పడిపోనూ!" అని గోడ అదిరేలా అరిచింది. వెంటనే రెండు చేతులా లెంపలు వేసుకుంది. కన్నకొడుకు బతికే ఉన్నాడని తెలిసిన సంతోషం కూడా ఆ శాపం పక్కనే ఉంది. ఆ రెండింటినీ ఒక్క గుండెలో ఎలా పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

పేజీలు కరిగిపోయాయి. చివరి అధ్యాయం రేపో మాపో అనగా ఆఫీసరు జీపు పంపించాడు.

మందిరం ఎదుటి వీధిలో ఒక స్కూలు గదిని సైన్యం తీసుకుంది. బల్లలు గోడకి జరిపారు, నల్లబల్ల మీద పిల్లల లెక్కలు ఇంకా ఉన్నాయి. కిటికీ బయట పెద్ద స్పీకర్లు మందిరం వైపు తిప్పి పెట్టారు. కిటికీలోంచి ఖాళీ రోడ్డు, దాని అవతల మూసిన గేట్లు, గేట్ల ముందు యాత్రికులు విడిచిన చెప్పులు కనపడ్డాయి. ఎండకి తోలు ముడుచుకుపోయి ఉంది. ఇంత పెద్ద గోపురం మీద ఒక్క పావురం కూడా లేదు.

"మీ ఆయన గొంతు చూస్తే ఇవాళంతా నిలబడేలా లేదు" అన్నాడు ఆఫీసరు. "మా వాళ్ళు హాలు కింది దాకా వెళ్ళారు. నేలకి పరిచిన ఒక్క రాతిపలక పగలగొట్టాలి, కాస్త సమయం కావాలి. మీ గొంతు వింటే ఆయనకి ధైర్యంగా ఉంటుంది. కులాసాగా ఉన్నానని చెప్పండి, నెమ్మదిగా చదవమనండి. తప్పుల సంగతి మాత్రం ఎత్తకండి. వాళ్ళకీ వినపడుతుంది."

"ఎందుకెత్తుతాను బాబూ? నాకు ఆ మాత్రం తెలీదా?" అంది టైలరమ్మ. మైకు చేతిలో పెట్టారు. ఏం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కునే వచ్చింది.

అప్పటికి ఆయన చివరి అధ్యాయంలో అడుగుపెట్టాడు. అది గొంతు కాదు, గరగర. ఒక్కో మాటకీ ఊపిరి అరువు తెచ్చుకుంటున్నాడు. నాలుగు వాక్యాలు చదివి, ఒక మాట మార్చాడు. గొంతు సవరించుకోవడానికి కూడా ఓపిక లేక దగ్గాడు. దగ్గు ఆగకముందే ఆ రెండో గొంతు సరైన మాట అందించింది, ఎప్పటిలాగే నింపాదిగా. ఆయన "ఊఁ" అన్నాడు. పీఠం మీద కూర్చున్న చదువరిలా కాదు, ఇంట్లో అన్నం దగ్గర కొడుకుతో అన్నట్టు అన్నాడు.

ఆ "ఊఁ" వినగానే కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఒరేయ్ చంటీ!" అంది టైలరమ్మ మైకులో. "మీ నాన్న అలిసిపోయాడురా. ఊరుకోరా నాన్నా! ఈ ఒక్కసారికి ఊరుకో. మీ నాన్నని దిద్దకు."

ఆఫీసరు మైకు లాగేసుకునేసరికే ఆ మాటలు గోపురానికి కొట్టుకుని తిరిగొచ్చాయి. నాన్న, నాన్న అని ఊరు రెండుసార్లు విన్నది. టైలరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకి తాను చేసిన పని. తల్లీ తండ్రీ లేనివాడిగా అక్కడ నిలబడ్డ కొడుకుని, వాళ్ళందరి ఎదుటా తండ్రి ఉన్నవాడిగా చూపించేసింది.

లోపల ఆయన మళ్ళీ చదవసాగాడు. ఇంకొన్ని వాక్యాలు పోయాక మళ్ళీ మాట మార్చాడు. పిల్లలు కూడా పట్టేంత మోటు తప్పు అది. గొంతు సవరించుకుని ఆగాడు.

ఎవరూ దిద్దలేదు.

ఆయన ఇంకా ఆగాడు. వింటున్న ఊరంతా ఆయనతో పాటు ఆగింది. దిద్దే గొంతు రాలేదు. ఆయన చివరి అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. టైలరమ్మ ఊపిరి వదిలింది. మళ్ళీ అదే చోటికి వచ్చాడు, మళ్ళీ తప్పు, మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ మొదటికి. ఈసారి ఆయన గొంతులో ఎక్కడిదో కాస్త తడి చేరింది. రెండు వాక్యాలకో మాట మార్చి మొదటికి వస్తున్నాడు, పండగ చేసుకుంటున్నాడు. కొడుకు నోరు మెదపడం లేదు. తండ్రీ కొడుకులు ఆ తుపాకుల మధ్య ఆట ఆడుకుంటున్నారు. టైలరమ్మ మొహంలోకి నవ్వు వచ్చేసింది. ఆఫీసరు వేలు ఎత్తి, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నట్టు సైగ చేశాడు.

ఆమె ఇంకా నవ్వుతూ ఉండగానే స్పీకర్‌లో కుర్చీ జరిగిన చప్పుడయింది. మైకుకి దూరంగా ఎవరో అడిగారు.

"ఎందుకు దిద్దలేదు?"

"తప్పు ఉంటేగా దిద్దడానికి? నాకేం వినపడలేదు" అన్నాడు చంటి.

తుపాకి ఒక్కసారే పేలింది. ఊళ్ళోని ప్రతి స్తంభం మీదా పేలింది.

టైలరమ్మ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తీసేసుకోవడం ఆమెకు చేతకాలేదు. ఎవరో స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆఫీసరు ఏదో అంటున్నాడు. ఆమె చెవి స్పీకరు మీదే ఉంది. వాడు కాదేమో, ఇంకెవరినో అయి ఉంటుంది, గాలిలోకి పేల్చి బెదిరించారేమో. ఆయన చదివితే తెలుస్తుంది. ఆయన తప్పు చదివితే, చంటి ఉన్నట్టే.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. చివరి అధ్యాయం, మొదటి వాక్యం. తప్పు రావాల్సిన చోటు వచ్చింది. రాలేదు. ఇంకో చోటు వచ్చింది, అక్కడా మాట మారలేదు. ఎక్కడా తొట్రుపడకుండా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చదువుకుంటూ పోతున్నాడు.

"ఏమిటమ్మా ఇది? ఎందుకు ఆలస్యం చెయ్యడం లేదు?" అన్నాడు ఆఫీసరు.

"ఆయనకిక బతకాలని లేదు బాబూ" అంది ఆమె.

బయట మూసిన వీధి చివర జనం పోగయ్యారు. తుపాకి చప్పుడుకి పారిపోవాల్సినవాళ్ళు మందిరం వైపే వచ్చారు. సిపాయిలు అడ్డం నిలబడ్డారు కానీ ఎవరూ తోసుకోవడం లేదు, మాట్లాడటం లేదు. ఒక్కొక్కరి చేతుల మీదా మడత పెట్టిన బట్టలు ఉన్నాయి. బేకరీ ఆవిడ వదులు చేయించిన చొక్కా పట్టుకుని ముందు వరసలో ఉంది. ఫ్రాకు పట్టుకున్న తల్లి ఇంకెవరినో ఆనుకుని నిలబడింది. అందరి కళ్ళూ గేటు మీదే ఉన్నాయి. టైలరమ్మకు వాళ్ళని చూస్తే మొదటిసారిగా కోపం రాలేదు. తన చేతిలోనూ ఒక చొక్కా ఉంటే బాగుండుననిపించింది.

ఆయన చివరి మాట పలికాడు.

ఆ నిశ్శబ్దం ఆ ఊరు పుట్టాక ఎవరూ ఎరగనిది. చదువు లేని ఊరు అది, ఇప్పుడు. ఎండ కదల్లేదు. చేతుల మీద బట్టలు కదల్లేదు. లోపల ఏకకంఠులందరూ తుపాకులు గోడకి ఆనించి, రాతి తలుపు ఉన్న గదిలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నారని తర్వాత తెలిసింది. తలుపు తలుపులాగే ఉంది. పీఠం దగ్గర చదువరిని చూసుకోవడానికి ఎవడూ మిగల్లేదు.

స్పీకర్‌లో గరగరమంది.

"ఇదిగో" అన్నాడు ఆయన. ఊళ్ళో అందరూ ఉలిక్కిపడ్డారు. అది గ్రంథంలో మాట కాదు. ఇంట్లో ఆయన పెళ్ళాన్ని పిలిచే పిలుపు. "వినపడుతోందా? అన్ని తప్పులు చదివానే. వాడు ఒక్కటీ దిద్దలేదు. నీ మాట విన్నాడు."

ఆ వెంటనే హాల్లో పలక పగిలింది. అరుపులు, బూట్ల చప్పుడు, కాసేపు కాల్పులు. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళలో సగంమంది లేవనైనా లేవలేదట. గేట్లు తెరుచుకున్నాయి. యాత్రికులు కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చారు. వాళ్ళ వెనక ఇద్దరు సిపాయిలు టైలరమ్మ మొగుణ్ణి నడిపించుకొచ్చారు. ఒంటి మీద గీత కూడా లేదు. ఆయన్ని బతికించుకోవాలని వచ్చింది, బతికించుకుంది. ఆమె అడిగింది అదొక్కటే.

ఆయన ఆమె ఎదుటికి వచ్చి నోరు తెరిచాడు. గొంతు రాలేదు. పక్కకి జరిగి దారిచ్చాడు.

వెనక స్ట్రెచర్ మీద చంటిని తెస్తున్నారు. పైన కప్పిన దుప్పటి పొట్టిదై, పాదాలు బయటికి ఉన్నాయి. తల్లి ప్రాణం ఆగలేదు. వంగి, దుప్పటి కిందికి లాగి పాదాలు కప్పింది. అప్పుడు మొహం బయటపడింది.